ముగింపుకి ముందే లేచే ఊరు

ఈ నగరానికి కళాదాహం అపారంగా ఉందని నగరపాలక సంస్థ నీటి సరఫరా విభాగం అధికారికంగా ప్రకటించింది!

నీటి సరఫరాకీ కళకీ సంబంధం ఏమిటని అడిగే అమాయకులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. సంబంధం ఉంది. సాంస్కృతిక విభాగం అధికారి సెలవు పెట్టి వెళ్లి, ఆ సెలవులోనే రిటైరైపోయాడు. ఆయన కుర్చీ ఖాళీ అయింది. ఆ కుర్చీ ఉన్న గది నీటి సరఫరా విభాగం పక్కనే ఉంది. మధ్య గోడకి ఒక తలుపు కూడా ఉంది. పాలనా సౌలభ్యం అంటే ఇంతకన్నా ఏం కావాలి? సంగీతం, చిత్రకళ, సినిమా అన్నీ కలిపి వారం పాటు "నగర కళావారం" జరపాలని పైనుంచి ఉత్తర్వు రాగానే, ఆ ఫైలు ఆ తలుపు దాటి నీటి సరఫరా సూపరింటెండెంటుగారి బల్ల మీద వాలింది.

సూపరింటెండెంటుగారు ఆ సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండానే భార్యని కేకేశారు.

"ఏమోయ్! రేపట్నుంచి నేను కళని కూడా చూస్తున్నాను!"

"మరి నీళ్లెవరు చూస్తారండీ?" అందావిడ, వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి.

"అవి వాటంతటవే వస్తాయి."

"మన వీధికి ఎప్పట్నుంచిరా?" అని లోపలి గదిలోంచి ఆయన తల్లి అడిగారు. అత్తగారికి మోకాళ్లు సరిగా లేవుగానీ చెవులు మాత్రం భేషుగ్గా ఉన్నాయి.

సూపరింటెండెంటుగారు ఆ ప్రశ్నని విభాగం ఆనవాయితీ ప్రకారం విననట్టే ఊరుకుని, కళావారం కార్యక్రమాల కరపత్రం భార్య చేతిలో పెట్టారు. ఆవిడ కాలేజీలో చదువుకున్న మనిషి. అచ్చులో ఏది చేతికొచ్చినా చివరి అక్షరం దాకా చదవందే పక్కన పెట్టదు. చదువుతూ చదువుతూ ఆరో రోజు దగ్గర ఆగిపోయింది.

"ఏమండీ... 'రేవు దీపం' వేస్తున్నారా?"

"ఏదో పాత సినిమాట. నలుపూ తెలుపూ. ఎక్కడో పాడైపోయిన ప్రింటుని బాగు చేయించారట."

ఆవిడ కరపత్రాన్ని మడిచి బియ్యం డబ్బా వెనక పెట్టుకుంది. ఆ ఇంట్లో అంతకన్నా భద్రమైన చోటు లేదు మరి. అక్కడికి సూపరింటెండెంటుగారి చెయ్యి ఎన్నడూ వెళ్లలేదు.

ఇక్కడ ఆవిడ గురించి ఒక సంగతి చెప్పుకోవాలి. పెళ్లయ్యాక ఆవిడ ఏ సినిమా ముగింపూ చూడలేదు!

సినిమాలు చూడలేదని కాదు. బోలెడు చూసింది. ఆయనే తీసుకెళ్లేవారు, పాపం, ముందుగా టిక్కెట్లు కొని మరీ. అయితే కథ ఆఖరికి వచ్చిందనగానే ఆయన కుడిచెయ్యి జేబులోకి వెళ్లేది. స్కూటరు స్టాండు టోకెను కోసం తడుముకునేది. "పద పద! అందరూ ఒక్కసారే లేస్తే గేటు దగ్గర ఇరుక్కుపోతాం!" అంతే. చీకట్లో పదిమంది కాళ్లు తొక్కుకుంటూ ఇద్దరూ బయటపడేవారు. ఆవిడ స్కూటరు వెనక కూర్చుని, గోడ అవతల్నుంచి వినబడే సంగీతాన్నిబట్టి లోపల ఏమై ఉంటుందో పోల్చుకునేది. వయొలిన్లయితే ఎవరో పోయారు. బాకాలయితే పెళ్లి. రెండూ వినబడితే ముందు ఎవరో పోయి, తరవాత పెళ్లి.

"ముగింపులో కొత్తగా ఏముంటుందోయ్? మనకి తెలిసిందేగా!" అనేవారాయన. మర్నాడు ఆఫీసులో అందరికన్నా ముందు "ముగింపు ఉంది చూశారూ, అమోఘం!" అనేదీ ఆయనే.

మిగతా సినిమాల ముగింపులు ఆవిడ గిన్నెలు తోముకుంటూ సొంతంగా పూర్తి చేసుకుంది. కొన్ని అసలువాటికన్నా బాగా కుదిరి ఉంటాయని ఆవిడ నమ్మకం కూడా. ఒక్క "రేవు దీపం" మాత్రం ఎంతకీ కుదరలేదు. పెళ్లైన కొత్తలో చూసిందది. ఊరొదిలి ఏటి అవతలికి వెళ్లిపోయిన మొగుడి కోసం ఒక మనిషి రోజూ సాయంత్రం రేవులో లాంతరు పట్టుకుని నిలబడుతుంది. ఏళ్లు గడుస్తాయి. ఒకరోజు పొగమంచులో దూరంగా ఒక పడవ దీపం కనబడుతుంది. ఆ మనిషి లేచి నిలబడుతుంది...

సరిగ్గా అక్కడే సూపరింటెండెంటుగారు కూడా లేచి నిలబడ్డారు. "పద పద!"

పడవలో ఎవరున్నారు? ఇరవయ్యేళ్లకి పైగా ఆవిడ ఆ పడవని ఒడ్డుకి చేర్చాలని చూస్తూనే ఉంది. సినిమా మళ్లీ ఎక్కడా ఆడలేదు. టీవీలో వేయలేదు. ఫోన్లో వెతికితే పాటలు దొరికాయిగానీ పడవ దొరకలేదు. చూసినవాళ్లు ఎవరైనా తగిలితే అడిగేది. "అబ్బ, ముగింపు అద్భుతం!" అనేవారు. ఏమిటా అద్భుతం అంటే, "అది చెప్పేది కాదండీ, చూడాలి!" అనేవారు. ఈ ఊళ్లో స్కూటర్లు చాలామందికి ఉన్నాయని ఆవిడకి అప్పటికింకా తట్టలేదు.

ఇక కళావారం సంగతి. "ఏ హాలూ ఖాళీగా కనబడకూడదు. నేను రోజూ అన్నిచోట్లకీ వస్తాను" అని మేయరమ్మగారు ఆజ్ఞ వేశారు. అన్ని హాళ్లూ నిండితే సాంస్కృతిక అధికారి గది, దాని చల్లటి గాలి యంత్రంతో సహా, సూపరింటెండెంటుగారికి శాశ్వతం!

ఇంకొకరైతే బెంబేలెత్తిపోయేవారు. నగరంలో మూడు హాళ్లు. ఒకటి సంగీతానికి, ఒకటి బొమ్మలకి, ఒకటి సినిమాకి. మూడింటికీ కలిపి స్వచ్ఛందంగా వచ్చే జనం ఒక ఆటోలో పట్టేస్తారు. కానీ సూపరింటెండెంటుగారు జీవితమంతా నీళ్లలో పనిచేసిన మనిషి. ఈ ఊళ్లో అన్ని వీధులకీ ఒకేసారి సరిపడా నీళ్లు ఏనాడున్నాయి గనక? ఒక వీధికి కట్టేసి ఇంకో వీధికి వదలడమే కదా సరఫరా అంటే! ప్రేక్షకులకి మాత్రం అదే పద్ధతి ఎందుకు పనికిరాదు?

వెంటనే విభాగం స్టోర్సులో, పైపుల మధ్య, శిక్షణ మొదలైంది. మీటరు రీడర్లు, ఫిట్టర్లు, గుమాస్తాలు, వాళ్ల భార్యలు, అత్తలు, ఖాళీగా ఉన్న బావమరుదులు, అందరూ కలిపి ఒక బస్సుకి సరిపడా జనం. వీళ్లకి "రసజ్ఞ బృందం" అని పేరు.

"సంగీతానికి తల అడ్డంగా ఊపాలి. బొమ్మ దగ్గర తల ఒక పక్కకి వంచి 'ఊఁ' అనాలి. సినిమాకి తలతో పనిలేదు, చీకటి" అని సూపరింటెండెంటుగారు బోధించారు.

"సార్, బొమ్మ అర్థంకాకపోతేనో?" అన్నాడొక ఫిట్టరు.

"అర్థమైతేనే ఇబ్బందయ్యా! అర్థమైనట్టు మొహంలో కనబడిందంటే ఎవరైనా వచ్చి చెప్పమంటారు. ఊఁ అని ఊరుకో."

"మరి మేయరమ్మగారు ఇక్కణ్నుంచి అక్కడికి వెళ్లేలోపల మేం ముందే అక్కడ ఉండటమెలా సార్?"

"కాఫీ!" అన్నారాయన, సగం తెరిచిన కళ్లతో. "మేయరమ్మగారు బయల్దేరే ముందు మేనేజరు గదిలో కాఫీ ఇస్తాం. పొగలు కక్కే కాఫీ. ఊదుకుని తాగేలోపల మీరు వెనక గేట్లోంచి బస్సెక్కేయాలి. ఎప్పుడు లేవాలో నేను చెబుతాను. రెండుసార్లు దగ్గుతాను. దగ్గు వినబడిందా, ఇక పాట ఎక్కడున్నా, కథ ఎక్కడున్నా, లేచి నిలబడటమే!"

మొదటి రోజు గాయని కళ్లు మూసుకుని ఒక స్వరం అందుకుంది. ఎంత దీర్ఘంగా అందుకుందంటే, కళ్లు తెరిచేసరికి హాల్లో కుర్చీలు తప్ప ఎవరూ లేరు! తన పాటలో లీనమై జనం మాయమైపోయారని ఆ పిల్ల బెదిరిపోయింది. రెండోరోజు ఇంకా ఘోరం. తబలా వాయించే ఆయనకి జలుబు. కచేరీ మధ్యలో ఆయన రెండుసార్లు దగ్గాడు. మొత్తం రసజ్ఞ బృందం ఒక్క ఉదుటున లేచి, బయటికెళ్లి, బస్సెక్కి కూర్చుంది! సూపరింటెండెంటుగారు పరుగెత్తుకెళ్లి అందర్నీ మళ్లీ లోపలికి తోలారు. మర్నాటి పేపర్లో మాత్రం, "తబలా విద్వాంసుడికి లేచి నిలబడి నీరాజనం పట్టిన ప్రేక్షకులు" అని పడింది. ఆ కళాకారుడు ఆ ముక్క కత్తిరించి గోడకి అంటించుకున్నాడట.

సూపరింటెండెంటుగారి భార్యకీ, తల్లికీ ముందువరసలో శాశ్వత స్థానాలు. కోడలు పాటని నిజంగా వినడం మొదలుపెట్టేలోపల దగ్గు వినబడేది. బొమ్మలో ఏదో ఒక రంగు నచ్చి దగ్గరికి జరిగేలోపల దగ్గు వినబడేది.

"అక్కయ్యగారూ, ఈ బొమ్మ అచ్చం మా వీధిలో పైపు పగిలినప్పటిలా లేదూ?" అని మీటరు రీడరు భార్య గుసగుసలాడింది.

"ఊఁ అనమ్మా, ఊఁ అను" అని అత్తగారు సర్దిచెప్పారు.

వరసగా అన్నిచోట్లా అవే మొహాలు కనబడుతుంటే మేయరమ్మగారికి అనుమానం రావాలి కదా? రాలేదు. మహదానందం కలిగింది! అయిదోరోజు సూపరింటెండెంటుగారి భార్యని పదిమందికీ చూపించి, "ఈవిణ్ని చూడండి! ఏ కార్యక్రమానికి వెళ్లినా నాకన్నా ముందే వచ్చి కూర్చుంటున్నారు. నిజమైన రసికురాలంటే ఈవిడే!" అన్నారు. సూపరింటెండెంటుగారికి గది గోడలు కళ్లముందు కదలాడాయి.

ఆరో రోజు పొద్దున్న ఆయన ముందు కాఫీ పెట్టి భార్య నిలబడింది.

"ఇవాళ నేను దగ్గుకి లేవనండీ."

"అదేమిటి?"

"'రేవు దీపం' ఆఖరిదాకా చూస్తాను."

"బాగుంది! ఆ వెంటనే గ్యాలరీలో బహుమతి బొమ్మ ఆవిష్కరణ. మేయరమ్మగారు అడుగుపెట్టగానే వెతికేది నీ మొహం కోసమే! నువ్వు కనబడకపోతే నా గదేం కావాలి?"

"నాకు ఆ పడవలో ఎవరున్నారో తెలియాలి."

"ఎవరుంటారోయ్? మొగుడే ఉంటాడు! మళ్లీ ఎప్పుడైనా వేస్తారు, అప్పుడు చూద్దువుగాని."

"రెండోసారి రావడానికి ఇన్నేళ్లు పట్టింది. మూడోసారికి నేనుండాలిగా" అందావిడ, ఖాళీ కప్పు తీసుకుంటూ.

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే సూపరింటెండెంటుగారు సర్దిచెప్పేవారు. పెంచని గొంతుకి సర్దిచెప్పే అలవాటు ఆయనకి లేదు. "అప్పటి సంగతి అప్పుడు చూద్దాంలే" అని గొణుక్కుంటూ, దగ్గు బిళ్లలు జేబులో వేసుకుని వెళ్లిపోయారు.

సినిమాహాల్లో మేయరమ్మగారు రిబ్బను కత్తిరించి, నాలుగు మాటలు మాట్లాడి, కుర్చీలో కూర్చుని సినిమా సగానికి పైగానే చూశారు. ఆవిడ కోసం మేనేజరు గదిలో కాఫీ కాగుతూనే ఉంది. చివరికి "మేడం, గ్యాలరీకి టైమవుతోంది" అని ఆవిణ్ని లేపి గదిలోకి తీసుకెళ్లారు. తెరమీద ఏరు. రేవు. లాంతరు. పొగమంచు...

ఖుళ్లు, ఖుళ్లు!

రసజ్ఞ బృందం లేచింది. కుర్చీలు టపటపా మూసుకున్నాయి. ముందువరసలో కోడలు కదల్లేదు.

"లేవవోయ్!" అని సూపరింటెండెంటుగారు వంగి, పళ్ల సందునుంచి అన్నారు.

ఆవిడ తెరమీంచి చూపు తిప్పలేదు.

"అమ్మా! నువ్వైనా లే! దాన్నీ లేపు!"

"నా వల్ల కాదురా. మోకాళ్లు పట్టేశాయి" అన్నారు అత్తగారు.

"పొద్దున్న బస్సు మెట్లు గబగబా ఎక్కావుగా!"

"అప్పుడు పట్టలేదు. ఇప్పుడు పట్టాయి. నువ్వు తప్పుకోరా, తెర కనబడటంలేదు!"

బయట బస్సు హారను మోగింది. సూపరింటెండెంటుగారు తల పట్టుకుని పరుగెత్తారు.

హాల్లో అత్తాకోడళ్లు మిగిలారు. అత్తగారు కోడలి వైపు వంగి చిన్నగా అన్నారు. "మీ మావగారికి స్కూటరు లేదమ్మా. సైకిలు. అయినా అంతే. వీడికి ఈ జబ్బు ఆయన్నుంచే వచ్చింది. నేను చివరిదాకా చూసిన సినిమా ఒక్కటీ లేదు."

అంతలో పక్క కుర్చీలో ఎవరో మెల్లిగా కూర్చున్నారు. తలమీదినుంచి శాలువా కప్పుకుని ఉన్నారు. కోడలు చూసి ఉలిక్కిపడింది. మేయరమ్మగారు!

"ష్! నేను మేనేజరు గదిలో కాఫీ తాగుతున్నాను" అన్నారు మేయరమ్మగారు, గొంతు తగ్గించి. "కాఫీ కుండీలో మొక్కకి పోశాను. ఈ వారమంతా నన్ను ఒక్క పాట చివరిదాకా విననివ్వలేదమ్మా! 'మేడం, అక్కడ జనం ఎదురు చూస్తున్నారు' అంటారు. వెళితే, నిజంగానే జనం ఎదురు చూస్తుంటారు! ఇంతమంది నా కోసం కూర్చుంటే వెళ్లకుండా ఎలా?"

"వాళ్లు మీ కోసం కూర్చుంటారు, మీరు వాళ్ల కోసం లేస్తారు" అంది కోడలు. తరవాత నాలిక్కరుచుకుంది. మేయరమ్మగారు వినిపించుకోలేదు. పడవ దగ్గరకొస్తోంది.

పడవలో ఉన్నది మొగుడే.

దిగాడు. రేవు మెట్ల మీద నిలబడ్డాడు. ఆ మనిషి అతన్ని కాసేపు చూసింది. ఏడవలేదు. నిష్ఠూరమాడలేదు. చేతిలో లాంతరు అతని చేతిలో పెట్టింది. పెట్టి, అతను దిగిన పడవలో తను ఎక్కి కూర్చుంది. తెడ్డు అందుకుంది. పడవ పొగమంచులోకి వెళ్లిపోయింది. మొగుడు లాంతరు పట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు. ఏ వయొలినూ లేదు, ఏ బాకా లేదు. తెడ్డు చప్పుడొక్కటే. అందుకేనేమో, ఆ రోజుల్లో గోడ అవతలికి ఏమీ వినబడలేదు!

ముగ్గురు ఆడవాళ్లూ దీపాలు వెలిగేదాకా కుర్చీల్లోంచి లేవలేదు.

"ఇదా!" అంది కోడలు చివరికి. ఇన్నేళ్లుగా ఆవిడ అల్లిన ముగింపులన్నిట్లోనూ ఆ మనిషి ఒడ్డునే ఉండిపోయింది. పడవెక్కొచ్చన్న ఆలోచన ఒక్కసారైనా తనకి రానందుకు ఆవిడకి నవ్వొచ్చింది.

అక్కడ గ్యాలరీలో, రసజ్ఞ బృందం బహుమతి బొమ్మ ముందు తలలు పక్కకి వంచి నిలబడి ఉంది. మేయరమ్మగారు ఏ క్షణంలోనైనా రావచ్చు గనక తల తిన్నగా పెట్టే వీల్లేదు. ఆవిడ వచ్చేసరికి అందరి మెడలూ పట్టేశాయి.

"క్షమించాలి, ఆలస్యమైంది" అన్నారు మేయరమ్మగారు, ఎవరి మొహం కోసమూ వెతక్కుండా. "కాఫీ మరీ వేడిగా ఉంది!"

సూపరింటెండెంటుగారు ఉబ్బిపోయారు. తన ప్లాను ఇంత బ్రహ్మాండంగా పనిచేస్తుందని ఆయనే ఊహించలేదు.

మర్నాడు ముగింపు సభ. సభలో జనం నిజంగానే నిండారు. ఉచిత ప్రవేశానికి తోడు, ఇక ఇదే ఆఖరన్న ఉత్సాహం. కళావారంలో మీ మనసుకి హత్తుకున్నదేమిటని అడిగితే, సూపరింటెండెంటుగారు మైకు పట్టుకున్నారు.

"'రేవు దీపం' ముగింపు! ఆహా! పడవ ఒడ్డుకి చేరుతుంది. భర్త దిగుతాడు. ఆ ఇల్లాలు లాంతరు వదిలేసి, అతని పాదాల మీద వాలిపోతుంది! అతని కన్నీళ్లు ఆమె తలమీద, ఆమె కన్నీళ్లు అతని పాదాల మీద! పడవ దీపం, రేవు దీపం రెండూ కలిసి ఒక్కటైపోతాయి! దాంపత్యమంటే అదీ! నేను ఏడ్చానండీ! సిగ్గులేకుండా చెబుతున్నాను, ఏడ్చాను!"

సభ దద్దరిల్లిపోయింది. కొందరు నిజంగానే కళ్లొత్తుకున్నారు. "అవునవును, నేనూ అక్కడే ఏడ్చాను" అని పక్కవాళ్లతో అన్నారు.

ముందువరసలో భార్య మేయరమ్మగారి వైపు చూసింది. మేయరమ్మగారు పైకప్పు వైపు చూశారు. ఏం చేస్తారు పాపం! ఆ సమయంలో ఆవిడ కాఫీ తాగుతున్నారని ప్రెస్సుకి కూడా చెప్పేశారు. కాఫీ తాగుతున్న మనిషి సినిమా ముగింపు గురించి ఎలా మాట్లాడుతుంది? మేయరమ్మగారు గొంతు సవరించుకుని లేచారు.

"సూపరింటెండెంటుగారు చెప్పినంత గొప్పగా ఆ ముగింపు సినిమాలో కూడా ఉండదు" అన్నారు.

చప్పట్లు!

"నేను చూడలేకపోయాను. నాలాగే చూడలేకపోయినవాళ్లు ఎందరో ఉంటారు. అందుకని ఈ ఆదివారం 'రేవు దీపం' మళ్లీ వేయిస్తున్నాను. నగరం మొత్తం రండి! ఆ ముగింపు చూడండి!"

ఇంకా పెద్ద చప్పట్లు! సూపరింటెండెంటుగారు ఒక్కరే చప్పట్లు కొట్టలేదు. ఆయన చేతులు జేబులో టోకెను కోసం వెతుకుతున్నాయి.

ఇంటికి రాగానే తలుపు గడియ పెట్టి, భార్యని వంటింట్లోకి పిలిచారు.

"ఏమోయ్... నువ్వు చూశావుగా. ఆఖర్న ఏమవుతుంది?"

"మీరు చెప్పారుగా. అంతమంది చప్పట్లు కొట్టారు."

"ఎగతాళి చెయ్యకు! రెండు దీపాలూ కలుస్తాయా, లేదా?"

"అది చెప్పేది కాదండీ, చూడాలి."

"కొంపదీసి మొగుడు రాడా? వస్తాడా? చచ్చిపోతాడా? ఒక్క ముక్క చెప్పవే! ఆదివారం ఊరంతా చూస్తారు! నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"తెరకేసి పెట్టండి. నా పక్కన కూర్చుని" అందావిడ.

ఆదివారం హాలు కిటకిటలాడింది. ముగింపు సభని పక్కన పెడితే, బస్సుతో పనిలేకుండా మనుషులు తమంతట తామే వచ్చిన మొదటి కార్యక్రమం అదే! రసజ్ఞ బృందం కూడా డ్యూటీ లేకపోయినా వచ్చింది. సూపరింటెండెంటుగారు ఒకపక్క భార్య, ఒకపక్క తల్లి, మధ్యలో ముద్దాయిలా కూర్చున్నారు. కథ నడిచే కొద్దీ ఆయన చెయ్యి జేబువైపు జరుగుతూ వచ్చింది. ఏరొచ్చింది. రేవొచ్చింది. పొగమంచులో పడవ దీపం కనబడింది. ఇంకొన్ని నిమిషాల్లో ఊరికంతటికీ తెలిసిపోతుంది! ఆయన గొంతులో ఏదో అడ్డుపడింది. మింగబోయారు. దిగలేదు.

ఖుళ్లు, ఖుళ్లు!

అంతే! హాలంతా చెదురుమదురుగా కూర్చున్న రసజ్ఞ బృందం ఒక్కసారిగా లేచి నిలబడింది. వారం రోజుల శిక్షణ మరి! వాళ్లు లేవడం చూసి పక్కవాళ్లు లేచారు. "అరే, అప్పుడే లేస్తున్నారే!" "పదండి పదండి, స్టాండులో ఇరుక్కుపోతాం!" వరసలు వరసలుగా జనం తలుపులవైపు పరుగు తీశారు. చీకట్లో టోకెన్లు గలగలలాడాయి. సూపరింటెండెంటుగారు కూడా అలవాటుకొద్దీ సగం లేచారు.

"కూర్చోరా" అన్నారు తల్లి. "స్కూటరు ఎక్కడికీ పోదు."

కూర్చున్నారు.

పడవ ఒడ్డు చేరింది. లాంతరు చేతులు మారింది. తెడ్డు చప్పుడు దూరమైంది. ఆయన జీవితంలో మొట్టమొదటిసారి తెరమీద "సమాప్తం" అన్న అక్షరాలు చూశారు. అవి అంత పెద్దగా ఉంటాయని ఆయనకి తెలియదు.

వెనక వరసలో శాలువా కప్పుకున్న ఒకావిడ మాత్రం చప్పుడు చెయ్యకుండా లేచి వెళ్లిపోయారు.

బయట గేటు దగ్గర నగరం మొత్తం ఇరుక్కుపోయి ఉంది. సూపరింటెండెంటుగారిని చూడగానే ఒకరి తరవాత ఒకరు చేతులు పట్టుకున్నారు.

"మీరు చెప్పింది అక్షరాలా నిజం సార్! ఆ కన్నీళ్లున్నాయే!"

"రెండు దీపాలూ ఒక్కటవడం! అబ్బ! ఒళ్లు జలదరించిందండీ!"

"సార్, మా పేపరుకి ముగింపు గురించి ఒక్కమాట!" అని విలేకరి ముందుకొచ్చాడు. అతని చేతిలో కూడా టోకెను ఉంది.

సూపరింటెండెంటుగారు ఒక్క క్షణం భార్య వైపు చూశారు. ఆవిడ, ఆయన ఏమంటారో చివరిదాకా విందామన్నట్టు నిలబడింది, అంతే.

"నేను ముందే చెప్పానుగా!" అన్నారాయన ఛాతీ విరుచుకుని. "దాంపత్యమంటే అదీ!"

ఆ వారంలోనే గది శాశ్వతమైంది. తలుపు మీద పేరు పడింది. చల్లటి గాలి యంత్రం ఆడటం మొదలుపెట్టింది. నీళ్లు మాత్రం ఎప్పట్లాగే వాటంతటవే వస్తున్నాయి, వచ్చినప్పుడు.

ఆ తరవాత ఒక సాయంత్రం సూపరింటెండెంటుగారు ఇంటికొచ్చేసరికి భార్య మంచి బట్టలు కట్టుకుని, చేతిసంచితో వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. హాలు గుమ్మంలో తల్లి చెప్పులేసుకుంటున్నారు. మోకాళ్ల నొప్పి జాడ కనబడలేదు.

"ఎక్కడికి?"

"పాటకచేరీకి. మేయరమ్మగారు కూడా వస్తున్నారు, శాలువాతో" అందావిడ. "చివరిదాకా ఉంటాం."

"మరి స్కూటరు..."

"మేం బస్సులో వెళతాంలెండి. పాలు ఇంకా కాయలేదు." పొయ్యి వెలిగించే లైటరు ఆయన చేతిలో పెట్టింది.

ఇద్దరూ వీధి మలుపు తిరిగారు. సూపరింటెండెంటుగారు లైటరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఆ భంగిమ ఎక్కడో చూసినట్టుందే అనుకున్నారు. కాసేపటికి గుర్తొచ్చింది. లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించి, పాలగిన్నె పెట్టారు.

తరవాత ఏమైందో ఆవిడకి తెలియదు. పాలు పొంగేదాకా అక్కడే నిలబడాల్సిన బాధ్యత, పెళ్లయ్యాక మొదటిసారి, ఆయన మీద పడింది.